ఎండ కనబడే జంపఖానా

మా లక్షితకు పిల్లికూతలు మొదలయ్యేది నాకు చెవులకంటే ముందు అరచేతికే తెలుస్తది. వీపు మీద చెయ్యి పెడితే లోపల ఏదో సన్నగా గీరుతున్నట్టు ఉంటది. ఆ సోమవారం పొద్దున కూడా చెయ్యి పెట్టి చూసిన. ఏం లేదు. నాలుగేండ్ల పిల్ల నోరు మూసుకొని, ముక్కుతో గాలి పీల్చుకుంట నిద్రపోతాంటే లేపబుద్ధి కాక అట్లనే కూసున్న.

అప్పుడే బయట పాషా సేటు గొంతు వినబడ్డది.

"అరే ఓంకార్! డ్రమ్ముల డీజిల్ ఎంతున్నది?"

నా చెయ్యి పిల్ల వీపు మీదనే బిగుసుకపోయింది.

మేముండేది ఖాజా పాషా టైర్ల యార్డులోనే, రంగశాయిపేట దాటినంక ఖమ్మం రోడ్డు మీద. సేటు పాత టైర్లు కొంటడు. కొంచెం బాగున్నవి కొత్త రబ్బరు అతికేటోళ్లు తీసుకపోతరు. పెద్దవి ఫ్యాక్టరీ లారీకి పోతయి. ఎవ్వరూ కొననివి, అంటే ఆటోలవి, ట్రాక్టర్ ట్రాలీలవి, అరిగి లోపలి దారాలు బయటపడ్డవి, యార్డు వెనక కుప్ప పడతయి. కుప్ప పెరిగినప్పుడు మా ఆయన ఓంకార్ దాన్ని కాలబెడతడు. రబ్బరంతా మండిపోయి టైరు అంచులో ఉండే ఉక్కుతీగ మిగులుతది. దాన్ని ఇనుప సామానోళ్లు కొంటరు. అదే ఓంకార్ పని. ఆ పనికి తోడు యార్డు మూలకు ఒక రేకుల గది. పని ఉన్నన్ని రోజులే గది.

కిందటిసారి కుప్ప కాల్చినప్పుడు లక్షితను దవాఖానకు ఎత్తుకొని ఉరికినం. పెదవులు నీలమైనయి. డాక్టరమ్మ ముక్కుకు మాస్కు పెట్టింది, పీల్చే పంపు రాసిచ్చింది, ఆఖరికి నా మొకంలోకి చూసి అన్నది. "మందు నేను మార్చగలనమ్మా, పొగను మార్చాల్సింది మీరు. ఇంకోసారి ఇట్లాగే తీసుకొస్తే నేనేమీ చెప్పలేను."

ఆ "ఏమీ చెప్పలేను" అన్నకాడి నుంచి పొద్దు పొద్దున పిల్ల వీపు మీద చెయ్యి పెట్టి చూసుడే నా పని.

నేను బయటికి వచ్చేసరికి సేటు కుప్ప ముందు నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడ్డడు.

"నిన్న మున్సిపాలిటోళ్లు వచ్చిండ్రు," అంటాండు ఓంకార్‌తోని. "టైర్లల్ల వాన నీళ్లు నిలుస్తున్నయి, దోమలు పుడుతున్నయి, చుట్టుపక్కల డెంగీ అంటాండ్రు. శనివారం మల్ల వస్తరంట. నీళ్లు నిలిచిన టైరు ఒక్కటి కనబడ్డా గేటుకు తాళం. శుక్రవారం జుమ్మా నమాజ్ చదివి నేను వచ్చేసరికి ఇది అంటుకోవాలె."

కుప్ప దిక్కు చూసిన. ఫ్యాక్టరీ లారీ కూడా ఈ మధ్య రాక, అన్ని రకాలూ కలిసి గోడ ఎత్తు దాటింది. కిందటిసారి కాల్చింది దీని ముందు పిల్ల కుప్ప.

"సేటూ, పాపకు..." అన్న.

"మాలూం బేటీ. నాకు తెల్వదా? ఫికర్ చెయ్యకు. నాలుగు రోజులు పిల్లను తీసుకొని మీ అమ్మగారింటికి పో."

మా అమ్మది కేసముద్రం. మార్కెట్ యార్డు వెనకే ఇల్లు. దవాఖాన నుంచి వచ్చినంక అక్కడికే పోయినం. మిర్చి బస్తాలు దించుతుంటే ఆ ఘాటుకు పిల్ల ఇంకింత దగ్గి, మల్ల బస్సెక్కి వచ్చినం. ఈ సంగతి సేటుకు ఎరుకే. ఆయన దగ్గర వేరే జవాబు లేక అదే చెప్పిండు.

"కాల్చకుంటే ఏం చెయ్యమంటవు చెప్పు? ఎవడన్న కొంటడా ఈ దరిద్రాన్ని? కొనేటోన్ని పట్టుకరా, కుప్ప మొత్తం నీకే రాసిస్త," అని నవ్విండు.

నేను నవ్వలేదు. "మాట మీద ఉంటవా సేటూ?"

ఆయన నవ్వు ఆగింది. నన్నొకసారి, గది వాకిట్ల కండ్లు నులుముకుంట నిలబడ్డ లక్షితనొకసారి చూసిండు.

"జుమ్మా దాకా ఉంట," అన్నడు.

సేటు పోంగనే ఓంకార్ నా మీద లేచిండు. "ఏం కూసినవే ఆయనతోని? కొనేటోడు నీకేడ దొరుకుతడు, కిరాణా కొట్లనా?"

"దొరకకుంటే?"

"దొరకకుంటే కాలబెడత. నాకేం సంబురమా? నేను పెట్టకుంటే ఇంకోడు పెడతడు. ఆ ఇంకోడే ఈ గదిల ఉంటడు."

అది అబద్ధం కాదు. కాల్చిన రోజు ఓంకార్ రెండుసార్లు తానం చేసినా పిల్లను దగ్గరికి తీసుకోడు, దూరం నుంచే "తిన్నవా బిడ్డా" అని అడుగుతడు. ఆయనను తిట్టి ఏం లాభం.

ఆ పొద్దునే పాల కుమారస్వామి అన్న వచ్చిండు. వర్ధన్నపేట దిక్కు పోయే తొవ్వలో ఆయనకు బర్రెల షెడ్డు ఉన్నది, టీవీఎస్ మీద డబ్బాలు కట్టుకొని మా గల్లీలన్నీ తిరుగుతడు. పాలు కొలుస్తూ అడిగిండు.

"చెల్లే, ఒక మెత్తటి టైరు ముక్క ఇప్పియ్యరాదు?"

"ఏం చేస్తవన్నా?"

"బర్రె మోకాలికి కడత. సోకుకు పోయి షెడ్డుల సిమెంటు పోయించిన గదా. మట్టి నేల ఉన్నన్ని రోజులు రాజాలెక్క పండినయి. ఇప్పుడు లేసినప్పుడల్లా మోకాళ్లు గీరుకపోయి పుండ్లు పడ్డయి. నొప్పికి పండుకుంటలేవు. పండుకోక పాలు తగ్గినయి. నీకు పోసేటియి గుడ నీళ్లు కలిపినట్టే ఉన్నయని మొన్న నువ్వే అంటివి."

"కలపలేదా మరి?"

"నీకు నోరు లేకుంటే కుక్కలెత్తుకపోతుండె," అని నవ్విండు. "రబ్బరు మ్యాట్లు దొరుకుతయట హైదరాబాదుల. షెడ్డు మొత్తానికి కొనాల్నంటే బర్రెనే అమ్మాలె."

నేను పాల గిన్నె పట్టుకొని అట్లనే నిలబడ్డ. నా కండ్లు రేకుల కింద పేర్చి ఉన్న కట్టెల మీదికి పోయినయి. అవి మా మామ మగ్గం కట్టెలు.

మా మామ సారయ్య కొత్తవాడలో జంపఖానాలు నేసినాయన. మా దిక్కు జంపఖానా అంటే పెండ్లిళ్లకు, మీటింగులకు కింద పరిచే పెద్ద నూలు పరుపు. చేనేత సంఘంలో అందరూ నేసిన సరుకును చూసి తీసుకునే పని కూడా చాలా రోజులు ఆయనే చేసిండు. ఒక్కొక్కటి ఎత్తి ఎండకు అడ్డం పట్టేటోడట. పోగుల సందులో నుంచి సూది మొనంత ఎండ కనబడ్డా సరే, వాపస్. సొంత తమ్ముడు రాయమల్లు నేసినదాన్ని కూడా అట్లనే వాపస్ చేస్తే, అన్నదమ్ములిద్దరూ ఏండ్ల తరబడి మాట్లాడుకోలేదు. ఆర్డర్లు ఆగి, అత్త పోయి, మామ మా దగ్గరికి వచ్చినప్పుడు మగ్గాన్ని విప్పి తెచ్చుకున్నడు. దాన్ని అమ్ముతమంటే ఒప్పుకోడు, బిగిద్దామంటే ఉలకడు.

"మామా," అన్న. ఆయన గోడకు ఆనుకొని చాయ్ తాగుతాండు. "టైరు పట్టీలతోని జంపఖానా నేస్తవా?"

"జరం గిట్ల వచ్చిందా బిడ్డా?"

"బర్రెల కింద పరుస్తరు మామా."

"సారయ్య నేసినదాని మీద పెద్ద పెద్దోళ్లు కూసున్నరు. ఇప్పుడు బర్రెలు పేడ పెట్టాల్నా?"

నేను మొత్తం చెప్పిన. మోకాళ్లు, కుప్ప, జుమ్మా. ఆయన నా దిక్కు చూడలేదు. లక్షిత దిక్కు చూసిండు. అది పీల్చే పంపును బొమ్మకు పెట్టి, "గట్టిగ పీల్చు, ఏడ్వకు," అని చెప్తాంది.

చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగిండు. "పడుగు దేంతోని పోస్తవు మరి? నూలు తాళ్లు మురిగిపోతయి."

"నైలాన్ తాడు," అన్న వెంటనే. ఒప్పుకున్నడని అప్పుడు అర్థమైంది.

టైరు కోసుడు ఓంకార్ నేర్పిండు. ముందు ఉలితో అంచు తెంపితే ఉక్కుతీగ చుట్ట మొత్తం ఊడి వస్తది. ఆ తర్వాత సబ్బు నీళ్లల్ల కత్తి ముంచుకుంట కోస్తే వేలెడు వెడల్పు పట్టీలు వస్తయి. నీళ్లు లేకుంటే కత్తి రబ్బరుకు పట్టుకొని కదలదు. తిట్టుకుంటనే నేర్పిండు, తిట్టుకుంటనే తను గుడ కొన్ని కోసిపెట్టిండు. మామ మగ్గం బిగించి, నిలువుగా తాళ్లు లాగి పడుగు కట్టిండు. అడ్డంగా పోయే పేక టైరు పట్టీ. నేను పట్టీ దూరిస్తే ఆయన ఇనుప పండ్ల పంజా ఎత్తి దాన్ని కిందికి గుద్దుతడు. నూలును గుద్దిన చేతులు గదా, ఒక్కొక్క దెబ్బకు మగ్గం కట్టెలు మూలిగినయి. మంగళవారం అంతా, బుధవారం పొద్దుగూకేదాకా అదే సప్పుడు.

అయిపోయినంక దాన్ని ఇద్దరం పట్టుకొని ఎత్తినం. బండ లెక్క బరువు. మామ మెడ వంచి, పడమటి ఎండకు అడ్డం పట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసిండు.

"చూడుమను ఎవన్నన్న," అన్నడు. "సూది మొనంత లేదు."

ఆయన మొకంలో ఆ వెలుగు నేను పెండ్లయి వచ్చినంక చూడలేదు. కుమారస్వామి అన్న వచ్చి దాని మీద ఎగిరి, దుంకి, "వారెవ్వా" అన్నడు. "ఇది సక్కగ కుదిరితే షెడ్డుకు మొత్తం మీతోనే నేయిస్త," అని టీవీఎస్ వెనక కట్టుకొని పోయిండు. ఆ మాట సేటుకు ఫోన్‌లో చెప్పిన. "మంచిది. జుమ్మా దాకా చూద్దం," అన్నడు. అంతకంటే ఎక్కువ మాట ఇయ్యలేదు.

గురువారం పొద్దున టీవీఎస్ సప్పుడు వినంగనే నేను ఉరుకుడే వాకిట్లకు పోయిన. కుమారస్వామి అన్న బండి దిగకుండనే వెనకున్న మ్యాట్‌ను కాలుతో తోసిండు. అది మట్టిలో దభేల్న పడ్డది.

"మంచిగ చంపుతుంటిరి నా బర్రెను!"

"ఏమైందన్నా?"

"కడుపుతోటున్న బర్రె! దాని కిందనే పరిస్తి, మెత్తగ పండుకుంటదని. ఉచ్చ పోసింది, ఆ ఉచ్చ అట్లనే నిలిచింది. పేడ దాంట్ల కలిసింది. లేస్తాంటే నాలుగు కాళ్లు నాలుగు దిక్కుల పోయినయి. గల్లీ మొత్తం వచ్చి లేపిండ్రు. దూడకేమన్నయితే చెల్లే, నీ మీద కాదు, నా మీద నేనే కేసు పెట్టుకోవాలె, ఆడిదాని మాట ఇన్నందుకు."

"ఇప్పుడెట్లున్నది?"

"నిలబడ్డది. భయానికి మేత ముట్టలేదు. నాకద్దు మీ టైరు యాపారం."

బండి తిప్పుకొని పోయిండు. మామ గోడకు ఆనుకొని అంతా విన్నడు. లేవలేదు. ఓంకార్ గుడ అరవలేదు. అరిస్తే బాగుండు అనిపించింది.

"అయిపోయింది గదా," అన్నడు మెల్లగ. "నేను చేసేది నేను చేస్త."

వానకు తడిసిన టైర్లు అంటుకుంటయో లేదో చూద్దామని, కుప్ప నుంచి రెండు దూరం లాగి డీజిల్ పోసి అంటుబెట్టిండు. గాలి గదికి అవతలి దిక్కు కొడ్తాందని చూసే పెట్టిండు. గాలి తిరిగింది. నేను లక్షితను గదిలో పెట్టి తలుపు కింద తడిబట్ట కుక్కిన. కొద్దిసేపటికే నా అరచేతికి గీర తగిలింది. తర్వాత చెవికి కూడా వినబడ్డది, కీ... అని. పంపు పెట్టిన. "గట్టిగ పీల్చు, ఏడ్వకు," అంటే, అది పీల్చలేక నా చెయ్యిని రెండు చేతుల పట్టుకున్నది. ఓంకార్ బిందెలకు బిందెలు నీళ్లు పోసి ఆర్పుతున్న సప్పుడు, ఆయన దగ్గు వినబడుతాంది. రెండు టైర్లకే ఇట్లుంటే రేపు ఆ గుట్ట మొత్తం.

కూత కొంచెం తగ్గినంక పిల్లను మామ ఒడిలో పెట్టి, బయటికి వచ్చిన. మట్టిలో పడ్డ మ్యాట్ కనబడ్డది. కోపానికి బకెట్ నీళ్లు తీసుకొని దాని మీద గుమ్మరించిన, కడగాలని కూడా కాదు. నీళ్లు అట్లనే నిలబడ్డయి. తాంబాళంలో పోసినట్టు. చాలాసేపు చూసిన. ఒక్క చుక్క కిందికి దిగలేదు.

అప్పుడు తెలిసింది. తప్పు టైరుది కాదు, మామ చేతులది. ఆయన దాన్ని జంపఖానా లెక్క నేసిండు. సందు లేకుండా.

"మామా," అన్న లోపలికి వచ్చి. "దీన్ని విప్పి మల్ల నేద్దం. ఈసారి సందులు పెట్టి. ఉచ్చ కిందికి దిగేటట్టు, ఎండ కనబడేటట్టు."

ఆయన మొకం ఎర్రగైంది. "ఏమన్నవు?"

"పేకకు పేకకు నడుమ వేలెడు సందు."

"ఎండ కనబడేది నేసినోడు సాలోడే కాదు, నేతగాడే కాదు. జల్లెడలు అల్లుకోమను. బిడ్డా, నా ఒక్కగానొక్క తమ్మునిది వాపస్ చేసిన నేను. పెండ్లాం పుస్తెలు కుదువ పెట్టి నూలు తెచ్చుకున్నడు వాడు. గంతదానికి వాపస్ చేసిన, ఇంతంత సందుకు. వాడు సచ్చేదాక నా గడప తొక్కలే. ఇప్పుడు నేను చూసి చూసి సందులు పెట్టి నేస్తే రాయమల్లుకు ఏం మొకం చూపెట్టాలె?"

"ఆయన పోయి ఎన్నేండ్లాయె మామా."

"పోతే? నేను గుడ పోత గదా ఆడికే!"

చదువు ఇంటర్ సగంలనే ఆగిపోయింది, పెద్దోళ్లతోని వాదన పెట్టుకునే తెలివి నాకెప్పుడూ రాలేదు. ఏడ్సుకుంట అక్కడనే కూలబడ్డ. ఆయన ఒడిలో ఉన్న లక్షిత ఎదలోనుంచి కూత వినబడ్డది. సన్నగా, ఆగి ఆగి. ఆయన దాన్ని ఎప్పుడూ అంత దగ్గర నుంచి వినలేదనుకుంట. తల వంచి, చెవి దాని వీపుకు ఆనించిండు.

తర్వాత పిల్లను నాకు ఇచ్చి, ఏమనకుండ బయటికి పోయి, మ్యాట్ ముందు కూసోని పేకలు ఊడబెరుకుడు మొదలుపెట్టిండు.

"వట్టిగ సందు పెడితే పేక జరుగుతది," అన్నడు నా దిక్కు చూడకుండనే. "బర్రె తొక్కంగనే అన్నీ ఒక్కకాడికి వస్తయి. సందు సందుకు తాడు మెలి వెయ్యాలె. కొత్త తాడు తెప్పియ్యి."

కాని చెయ్యి మాట వినలేదు. మెలి వేసేది, పట్టీ దూర్చేది, పంజా ఎత్తంగనే ఆ చెయ్యి పాత అలవాటుకు పోయి గుద్దేది. సందు మూసుకపోయేది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి పంజాను కింద విసిరికొట్టిండు.

"నాతోని కాదు. ఇది నేర్చిన చెయ్యి. ఆపుమంటే ఆగదు."

నేను పోయి మగ్గం పక్కన కూసున్న. నేసిన పేక మీద, కొత్త పేక కింద నా వేలు అడ్డం పెట్టిన.

"తియ్యి బిడ్డా!"

"గుద్దు మామా. నా వేలు కాడ ఆపు."

"పిచ్చిదానా, ఇనుప పండ్లు! వేలు నుజ్జయితది!"

"అందుకే ఆగుతవు."

ఆయన చెయ్యి లేచింది. పంజా పండ్లు తాళ్ల నడుమ నుంచి కిందికి దిగుతాంటే నేను కండ్లు మూసుకున్న. వేలికి చల్లగా ఇనుము తగిలి ఆగింది. కండ్లు తెరిచేసరికి మామ నుదుటి మీద చెమట ధారలు కారుతున్నయి. వేలు తీసిన. వేలెడు సందు అట్లనే ఉన్నది, అవతలి నేల కనబడుతాంది. ఆయన అటు చూడకుండ మొకం తిప్పుకున్నడు.

అట్లనే ఒక్కొక్క వరుస. ఒక్కసారి మాత్రం ఆగలేదు. గోరు కింద నల్లగా రక్తం గడ్డకట్టింది. మామ పంజా వదిలేసి నా చెయ్యి పట్టుకొని ఊదిండు, చిన్నపిల్లకు ఊదినట్టు. "ఇంకో వేలు పెడత," అన్న. చీకటి పడక ముందే అది పూర్తయింది. ఈసారి ఆయన దాన్ని ఎత్తి ఎండకు పట్టలేదు. "తీసుకపో," అని మాత్రం అన్నడు.

శుక్రవారం పొద్దున మ్యాట్‌ను ఆటోలో కాళ్ల కింద పెట్టుకొని, లక్షితను ఒడిలో పెట్టుకొని కుమారస్వామి అన్న షెడ్డుకు పోయిన. పిల్లను ఆ కుప్ప దగ్గర వదిలి రాబుద్ధి కాలేదు.

"మల్ల వచ్చినవా?" అన్నడు చేతులు నడుముకు పెట్టుకొని.

"కడుపుతోటి బర్రె కింద కాదన్నా. ఇంకోదాని కింద వెయ్యి. పుండ్లున్నదాని కింద."

"సందులల్ల గిట్ట ఇరికితే?"

"వేలెడే సందు. గిట్ట ఎట్ల ఇరుకుతది?"

ఆయన మ్యాట్‌ను కిందా మీదా చూసిండు. తర్వాత గోలెంలో పేడ కలిసిన నీళ్లు బకెట్‌తో తీసుకొచ్చి దాని మీద పారపోసిండు.

"నా బర్రెను ఎక్కియ్యమంటున్నవు గదా. ముందు నీ బిడ్డను ఎత్తుకొని నువ్వు నడువు."

చుట్టూ సిమెంటు. జారితే పిల్ల తల పోయి దానికే తగులుతది. చెప్పులు విడిచిన. లక్షిత మెడ చుట్టూ చేతులేసింది. మొదటి అడుగు పెట్టిన. నీళ్లు సందులల్ల నుంచి కిందికి దిగుతున్న సప్పుడు వినబడ్డది. టైరు మీది గీతలు, తాడు మెలికెలు అరికాలికి గట్టిగ తగిలినయి. నడిచిన. చివరిదాకా పోయి తిరిగి వచ్చిన. కాలు జారలేదు.

"సరే," అన్నడు గొంతు తగ్గించి. "కాని దానికి తెల్వాలె గద."

మోకాలి పుండ్లున్న బర్రెను తెచ్చి దాని మీద కట్టేసిండు. అది నిలబడ్డది. మేత వేస్తే తిన్నది. నీళ్లు తాగింది. పండుకోదు. ఎండ నెత్తి మీదికి ఎక్కుతాంది.

"తట్టి పండబెట్టరాదన్నా?"

"తట్టితే బెదురుతది. దాని ఇష్టం."

ఎంతసేపటికో ముందు కాళ్లు మడిచింది. మోకాళ్లు రబ్బరు మీద ఆనంగనే ఒకసారి ఆగింది, నొప్పి రాలేదేందని చూసుకున్నట్టు. తర్వాత ఒళ్లు మొత్తం వదిలేసి దభీమని పండుకున్నది, కండ్లు సగం మూసి నెమరు మొదలుపెట్టింది. మూత్రం కూడా పోసింది. అది కింది నుంచి పారి కాలువలో కలిసింది.

"పండుకున్నది చూస్తివా!" అన్న.

"పండుకునుడు నిన్నటిది గుడ పండుకున్నది. లేవాలె. లేచేకాడనే బర్రె జారేది."

అదేమో లేవదు. ఎన్ని రోజుల అలసటో దానికి. అప్పుడే రోడ్డు అవతలి మసీదులోనుంచి జుమ్మా అజా వినబడ్డది. అక్కడ సేటు కూడా ఇప్పుడు కాళ్లు చేతులు కడుక్కొని వజూ చేసుకుంటాంటడు. నమాజ్ అయిపోంగనే యార్డుకు వస్తడు. ఓంకార్ డీజిల్ క్యాను నింపుకొని ఉంటడు. ఓంకార్‌కు ఫోన్ చేసిన. మోగింది, ఎత్తలేదు. మల్ల చేసిన. ఎత్తలేదు. లే తల్లీ, లే అమ్మా, అని ఆ బర్రెకు లోపల లోపల మొక్కిన. అది నా దిక్కు చూసి చెవులు ఆడించింది.

దూడ ఏదో అవతల అరిచింది. బర్రె తల ఎత్తింది. మోకాళ్ల మీద ముందుకు ఊగింది. వెనక కాళ్లు తన్నింది. కుమారస్వామి అన్న రెండు చేతులు ముందుకు చాపిండు. తడిసిన మ్యాట్ మీద గిట్టలు ఒక్క పట్టు పట్టినయి, నడుము లేచింది, ముందు కాళ్లు ఒకటి, రెండోది. నిలబడ్డది. తోక ఒకసారి కొట్టింది. అంతే.

కుమారస్వామి అన్న వంగి దాని మోకాళ్లు చూసిండు. పుండు రేగలేదు. లేచి, నా దిక్కు కాకుండ బర్రె దిక్కు చూసుకుంటనే అన్నడు.

"షెడ్డు మొత్తానికి నేయుండ్రి. ఇట్లనే, సందులతోని. పాల సెంటర్ నడిపే సదానందంకు గుడ నేను చెప్త. ఆడ పోసేటోళ్లందరివీ సిమెంటు షెడ్లే."

"అన్నా, ఈ మాట సేటుకు ఫోన్‌లో చెప్పరాదు?"

చేసిండు. స్విచాఫ్. నమాజ్‌లో ఉన్నడు.

తిరుగు ఆటోలో నేను ఆకాశాన్నే చూసుకుంట వచ్చిన. మబ్బు కూడా నాకు పొగనే అయి కనబడ్డది. లక్షిత ఏదో అడుగుతాంది, నాకు వినబడలేదు.

గేటు తీసే ఉన్నది. కుప్ప ముందు ఓంకార్ డీజిల్ క్యాను పట్టుకొని నిలబడ్డడు. కుప్ప మీద, నడి నెత్తిన, మా మామ కూసున్నడు. ఒడిలో ఒక టైరు, చేతిలో కత్తి, పక్కన సబ్బు నీళ్ల చెంబు.

"దిగు నాయినా," ఓంకార్ బతిలాడుతాండు. "సేటు వచ్చే యాళ్లయింది."

"రానీయ్. ఇది టైర్లనుకుంటున్నవా? ఇది నా పేక. ఎవడన్న పేకకు నిప్పు పెట్టుకుంటడారా? నీ తాతలల్ల ఎవడన్న పెట్టిండా?"

"ఫోన్ మోగుతాంటే గుడ ఎత్తనిస్తలేడు," అన్నడు ఓంకార్ నన్ను చూసి ఏడుపు మొకంతోని. "క్యాను కింద పెడితే దాన్ని గుడ పైకి ఎత్తుకపోతడట."

అప్పుడే సేటు స్కూటీ లోపలికి వచ్చింది. నెత్తి మీద టోపీ అట్లనే ఉన్నది. పైన కూసున్న మామను చూసి బండి మీదనే ఆగిపోయిండు.

"యా అల్లా. సారయ్య భాయ్, ఏంది ఈ తమాషా?"

నేను అడ్డం పోయిన. ఊపిరి ఆడక మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చినయి. బర్రె లేచింది సేటూ. షెడ్డు మొత్తానికి అడిగిండు. పాల సెంటర్ల చెప్తనన్నడు. కుమారస్వామి అన్నకు ఫోన్ చెయ్యి.

చేసిండు. స్పీకర్ పెట్టిండు. అటు నుంచి కుమారస్వామి అన్న నేను చెప్పినదాని కంటే ఎక్కువే చెప్పిండు. సేటు ఫోన్ జేబులో పెట్టుకొని గడ్డం గీరుకున్నడు.

"అంతా బాగనే ఉన్నది. మరి రేపు మున్సిపాలిటోళ్లకు ఏం చూపియ్యాలె? నీళ్లు నిలిచిన టైర్లు అట్లనే ఉన్నయి గదా."

అప్పుడు ఓంకార్ డీజిల్ క్యాను కింద పెట్టిండు.

"అంచు తెంపి అడ్డంగ కోస్తే దాంట్ల నీళ్లు నిలవయి సేటూ. ఎట్లయినా నేసుటానికి కొయ్యాల్సిందే గదా. తీగ గుడ కాలకుండ వస్తది. రేపు పొద్దటికి ఎన్నయితే అన్ని కోద్దం. మిగిలినయి రేకుల కిందికి ఎత్తుదం."

సేటు కుప్పను కింది నుంచి పైదాకా చూసిండు. టోపీ తీసి జేబులో పెట్టుకున్నడు.

"నాకు గుడ ఒక కత్తి తేరా," అన్నడు. "మా ఇంట్ల సుల్తానాకు ఫోన్ చేసి చెప్పు, చాయ్ పంపమని. దిగు సారయ్య భాయ్. నీ పేకను ఎవ్వడు కాల్చడు. కాని రేపటికి కోయకుంటే నిన్నే వాళ్లకు అప్పజెప్త."

మామ దిగలేదు. ఒడిలో ఉన్న టైరు పూర్తిగా కోసి, పట్టీలు కట్ట కట్టి, అప్పుడు దిగిండు. నేరుగా మగ్గం దగ్గరికి పోయి, కొత్త తాళ్లు లాగి పడుగు కట్టుడు మొదలుపెట్టిండు. యార్డు అంతా ఉలి సప్పుళ్లు, తిట్లు, రబ్బరు వాసన. కాలిన వాసన కాదు, ఉత్త రబ్బరు.

నేను లక్షితను పక్కన కూసోబెట్టుకొని దాని వీపు మీద చెయ్యి పెట్టిన. నిన్నటి గీర పూర్తిగా పోలేదు. లోపల ఎక్కడనో సన్నగా ఉన్నది. రేపు వాళ్లు వచ్చి చూసి ఏమంటరో తెల్వదు, పాల సెంటర్లోళ్లు ఎంతమంది ఒప్పుకుంటరో తెల్వదు. అది మాత్రం నోరు మూసుకొని ముక్కుతోనే గాలి పీలుస్తాంది.

మామ మొదటి పట్టీ దూర్చి పంజా ఎత్తిండు. ఎత్తి ఆగిండు.

"ఏం చూస్తున్నవు బిడ్డా?" అన్నడు. "వేలు పెట్టు."